మా బాపు నడక పరీక్ష

మా ఇంట్లో ముందుగది నుంచి వంటగదికి ఎనిమిది అడుగులు. ఆ ఎనిమిది అడుగులకు మా బాపు పావుగంట తీసుకునేవాడు. వంటగది తలుపు దాకా ఎట్లాగో వచ్చేవాడు. అక్కడ కాళ్లు రెండూ ఉన్నచోటనే టకటకా చిన్నచిన్నగా కొట్టుకునేవి, ఆ తర్వాత అదీ ఆగిపోయేది. నేలకు అంటుకుపోయినవాడిలా నిలబడేవాడు. లోపల అన్నం చల్లారేది, మా అమ్మ బిక్షమ్మ నోరు వేడెక్కేది.

"లోపలికన్న రా, బయటికన్న పో. నడుమ నిలబడితె నేనెట్ల మెసలాలె?"

"వస్తున్న" అనేవాడు బాపు. వచ్చేవాడు కాదు.

మీరు అనుకుంటారు, పాపం ముసలాయన అని. ముసలాయనా కాదు, మూలన కూర్చున్నాయనా కాదు. ఏభై రెండేళ్లు. పాలమూరు నుంచి గద్వాల వైపు పోయే మీటర్ గేజ్ లైన్ మీద ఒక చిన్న స్టేషన్‌లో కీమాన్. పట్టాలను స్లీపరు చెక్కలకు కరిపించి పట్టుకునే ఇనుప చావీలు ఉంటాయి. బండ్లు పోయిపోయి అవి వదులవుతాయి. కీమాన్ పొద్దున్నే సుత్తె, పానా, రెండు జెండాలు పట్టుకుని లైను వెంబడి నడుస్తూ వదులైన చావీనల్లా కొట్టి బిగించాలి. పోను ఆరు కిలోమీటర్లు, రాను ఆరు. ఇంట్లో ఎనిమిది అడుగులు నడవలేని మనిషి బయట పన్నెండు కిలోమీటర్లు నడిచి వచ్చేవాడు. ఇది 1990 సంగతి. ఒళ్లు మండిందా లేదా చెప్పండి.

నాకు బాగా మండింది. అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. పక్క ఊరి ప్రైవేటు బడిలో నలభై మంది చిన్నపిల్లలకు అక్షరాలు దిద్దించేదాన్ని. ఓపికంతా అక్కడే ఖర్చయిపోయేది, ఇంటికి తెచ్చేందుకు చిటికెడు కూడా మిగిలేది కాదు. అంతకుముందు బోరింగు నుంచి నీళ్లు మోసేది బాపే. చేతికో బిందె పట్టుకుని వచ్చేవాడు. ఇప్పుడు అవి నా నెత్తికి వచ్చాయి. క్వార్టర్లలో మా పక్కింటి గోవిందమ్మ నవ్వేది. "మీ బాపుకు పర్వతాలని పేరు పెట్టిన్రు గదనే, కదలకుంటె తప్పేమున్నది" అనేది. పొద్దున అదే పర్వతాలు పట్టాల మీద చకచకా పోవడం ఆమె కూడా చూసేది. "పనంటె కాళ్లొస్తయి, ఇల్లంటె రావు. మొగోళ్లందరికీ ఉన్న రోగమే" అని తేల్చేసింది. నాకూ అదే సబబుగా తోచింది.

ఒక ఆదివారం తెల్లవారుజామున రైలు కట్ట కింద బాటన ఆయన వెనకే పోయాను. దొంగను పట్టుకోవాలని పోయాననే చెప్పాలి. బాపు పట్టాల నడుమ నడుస్తున్నాడు. చెక్కకో అడుగు. ఒక చెక్క, ఒక అడుగు, ఒక చెక్క, ఒక అడుగు. తొట్రుపాటు లేదు, తడబాటు లేదు. వంగి చావీ కొట్టేవాడు, లేచి మళ్లీ నడిచేవాడు. కట్ట కింద కంకరలో నేనే రెండుసార్లు తూలాను. ఆ సాయంత్రం ఆయన వంటగది తలుపు దగ్గర నిలబడిపోగానే నా నోటికి అడ్డూ ఆపూ లేకుండా పోయింది.

"నువ్వు రైల్వేల కాదు బాపు, నాటకాల కంపెనీల చేరాల్సింది."

బాపు తల తిప్పలేదు. కిందికి, తన కాళ్ల వంక చూసుకున్నాడు. "నాకూ తెల్వది బిడ్డా. ఆడ చెక్క కనపడ్తది, కాలు పోతది. ఈడ ఏం కనపడది."

"ఇంత పెద్ద తలుపు కనపడ్తలేదా?"

నేను పక్కనుంచి ఆయన్ని నెట్టుకుంటూ లోపలికి పోయి అన్నం పెట్టుకుని తిన్నాను.

ఇంకో పదిహేను రోజులకు, బడి వదిలాక కట్ట మీదుగా ఇంటికి వస్తున్నాను. దూరంగా బాపు ఎదురొస్తున్నాడు. ఆయన వెనక గుట్టను కోసి లైను వేసిన మలుపులో గద్వాల ప్యాసింజరు కూత వేసింది. బండి వచ్చిందంటే కీమాన్ పట్టాలు దిగి, పక్కన నిలబడి, డ్రైవరుకు పచ్చజెండా చూపాలి. అది నాకు అక్షరాల కంటే ముందు తెలిసిన సంగతి. బాపు ఆగాడు. బండి వైపు తిరగబోయాడు. సగం తిరిగాడు. ఒక కాలు చెక్క మీద, ఇంకో కాలు పట్టా పక్కన. అంతే, ఇక కదల్లేదు. వంటగది తలుపు దగ్గర నిలబడ్డట్టే నిలబడ్డాడు.

దిగుతాడు అనుకున్నాను. దిగలేదు. చంకలోంచి జెండా తీశాడు. చుట్ట విప్పాడు. పట్టాల నడుమ నిలబడి, తన మీదికే వచ్చే బండికి పచ్చజెండా చూపించాడు.

ఎట్లా పరుగెత్తానో నాకు తెలియదు. చొక్కా పట్టి లాగితే ఇద్దరం కంకర మీద పడి దొర్లాం. డ్రైవరు తల బయటపెట్టి మా వంశాన్నంతా తిట్టుకుంటూ పోయాడు. నా మోకాలు చీరుకుపోయింది. బాపు లేచి కూర్చుని మొదట జెండా దులిపాడు.

"కరీంకు చెప్పకు" అన్నాడు.

కరీం ఆ గ్యాంగుకు మేట్. పది మంది పనివాళ్ల మీద పెద్ద. బాపుతో కలిసి నౌకరీలో చేరినవాడు, నాకు చిచ్చా, బాబాయి వరస. ఆయనకు చెప్పాల్సిన అవసరం లేకుండానే అన్నీ తెలుసు. ఆ సాయంత్రం మా ఇంటికి వచ్చి, నేను కుంటడం చూసి, తలుపు బయటనే గొంతుకూర్చున్నాడు.

"రెండు నెలల సంది బండి టైంకు నేనే ఎనక ఉంటున్న బిడ్డా. నడుసుడు మంచిగనే నడుస్తడు. దిగమంటెనే దిగడు. ఇయ్యాల ఒక్క రోజు నన్ను వేరే జాగకు పంపిన్రు." కరీం చిచ్చా లోపలికి చూసి గొంతు తగ్గించాడు. "నాటకం కాదది. నాటకమాడేటోడు బండి కింద ఆడడు."

ఆ రోజుతో నాకు బాపు మీది కోపం పోయింది. పోయింది అంటే చల్లారలేదు, ఎక్కడ దిగాలో తెలియక తిరిగింది. గోవిందమ్మ మీద కాసేపు, అమ్మ మీద కాసేపు, ఎక్కువసేపు నా మీద.

హైదరాబాదు పెద్ద దవాఖానాకు తీసుకుపోయాను. అక్కడ ఇంకో విడ్డూరం. డాక్టరమ్మ గదిలో నేలంతా నలుపూ తెలుపూ బిళ్లలు పరిచి ఉన్నాయి. "నడవండి చూద్దాం" అందామె. బాపు బిళ్లకో అడుగు వేసుకుంటూ దొరబాబులా అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు నడిచాడు. నాకు ఏడుపొచ్చింది. ఆరు గంటలు బస్సులో, నాలుగు గంటలు లైన్లో నిలబడి తెచ్చింది ఈ సంబడం చూపించడానికా అనిపించింది. "బాగానే నడుస్తున్నారుగా" అందామె.

"జర బయటికి పంపండి మేడం" అన్నాను.

బయట వరండా నున్నటి సిమెంటు గచ్చు. గది దాటగానే బాపు కాళ్లు కొట్టుకుని ఆగిపోయాయి. డాక్టరమ్మ కుర్చీలోంచి లేచి వచ్చింది. జేబులోంచి సుద్దముక్క తీసి గచ్చు మీద అడ్డంగా నాలుగు గీతలు గీసింది. బాపు ఆ నాలుగు గీతలూ దాటాడు. గీతలు అయిపోయిన చోట మళ్లీ ఆగాడు.

ఆమె మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది. "నడిచేటప్పుడు ఏ కాలు ఎప్పుడు వెయ్యాలో నువ్వు ఆలోచిస్తావా అమ్మా? ఆలోచించవు. మెదడు అడుగున ఒకచోట ఆ పని దానంతటదే జరిగిపోతుంది. అందుకు కావలసిన రసం ఒకటి మీ నాన్నకు ఎండిపోతోంది. అందుకని ఆ దారిలో, అడుగు వెయ్యి అనే మాట కాలిదాకా సరిగ్గా పోవడం లేదు. కాళ్లలో బలం తగ్గలేదు, బుద్ధి తగ్గలేదు. ఎదురుగా ఒక గీతో, మెట్టో కనబడితే మెదడు ఆ చూపును పట్టుకుని ఇంకో దారిలో మాట పంపుతుంది. దీన్ని పార్కిన్సన్స్ అంటారు."

బాపు చాలాసేపు ఆలోచించాడు. "అంటె మెయిన్ లైన్ బందయింది మేడం. పక్క లూప్ లైన్ల బండ్లు ఇడుస్తున్నరు" అన్నాడు.

"అంతే" అని ఆమె నవ్వింది. ఎన్నో నెలల తర్వాత నేనూ నవ్వాను. ఆ నవ్వు నిమిషం కూడా నిలవలేదు. ఎందుకంటే ఆమె ఇంకో మాట చెప్పింది. ఇరుకు తలుపుల దగ్గర, పక్కకు తిరిగేటప్పుడు, తొందరపడ్డప్పుడు కాళ్లు మరీ ఎక్కువగా ఆగిపోతాయట.

"మరి బండి వచ్చినప్పుడు మేడం?"

"తిరగడమూ తొందరా రెండూ కలిసినట్టే కదమ్మా. ఆయన పట్టాల మీద ఉండకూడదు." మాత్రలు రాసింది. వేసుకున్న ముప్పావుగంటకు పనిచేస్తాయనీ, మూడు నాలుగు గంటలు నిలుస్తాయనీ చెప్పింది. "ఒక్కోరోజు నిలుస్తాయి, ఒక్కోరోజు నిలవవు. వీటిని నమ్ముకుని లైను మీదికి పంపకు. నీ అంతట నువ్వు ఆపకు కూడా" అంది.

ఇక నా పని ఒక్కటే. బాపును పట్టాల మీంచి దింపాలి. స్టేషన్ పక్కన సామాన్ల గోదాం ఉంది, దాని దగ్గర కావలి పని ఖాళీగా ఉంది. కూర్చుని చేసే పని. జీతం కొంత తగ్గినా క్వార్టర్ పోదు, నౌకరీ పోదు. అయితే రైల్వే డాక్టరు దగ్గరికి పంపాలంటే ముందు లైను ఇన్‌స్పెక్టర్ సారు కాగితం రాయాలి. సెలవులన్నీ అప్పటికే అయిపోయాయి. సారు నెలకోసారి పట్టాల మీద తోసే ట్రాలీ ఎక్కి వస్తాడు. ఆయన వచ్చే దాకా కరీం చిచ్చా మునుపటిలాగే వెనక తిరిగాడు.

బాపుకు ఈ సంగతి ఇష్టం లేదు. ఇరవై ఆరేళ్లు నడిచిన లైను. కాదని గట్టిగా అనలేదు గాని, "సారు చూసి ఏది చెప్తె అది" అన్నాడు.

సారు కోస్తా మనిషి. మంచివాడే, అదే నా ఖర్మ. చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకునేదాన్ని. డాక్టరమ్మ ఉత్తరం పూర్తిగా చదివాడు. "ఇది వణుకు జబ్బు కదమ్మా? పర్వతాలూ, చేతులు చాపు" అన్నాడు. బాపు చాపాడు. గోడకు కొట్టిన మేకుల్లా రెండు చేతులూ కదలకుండా నిలిచాయి. "వణుకు లేదే. సరే, నడక చూద్దాం పద. ట్రాక్ మనిషిని ట్రాక్ మీదే చూడాలి."

"ట్రాక్ మీద కాదు సార్, ఈడ చూడండి, గీ గచ్చు మీద."

"గచ్చు మీద నడవడానికా గవర్నమెంటు జీతం ఇస్తోంది?"

అందరం లైను మీదికి పోయాం. బాపు సుత్తె భుజాన వేసుకుని, చెక్కకో అడుగున పెళ్లిగుర్రంలా నడిచాడు. దారిలో ఎవరూ చెప్పకుండానే ఒక చావీ బిగించాడు. సారు ముఖం వెలిగిపోయింది. నేను పళ్లు కొరుక్కున్నాను.

"దిగమనండి సార్. నడవడం కాదు, దిగమనండి."

"దిగు పర్వతాలూ, బండి వస్తోందనుకో" అన్నాడు సారు.

బాపు ఒక్క క్షణం కాళ్ల వంక చూసుకున్నాడు. కాలెత్తి పట్టా దాటాడు. రెండో కాలు తెచ్చుకున్నాడు. పక్కకు తిరిగి నిటారుగా నిలబడి, జెండా విప్పి చూపించి, సారుకు సలాం కూడా కొట్టాడు. కరీం చిచ్చా తల కిందికి వేసుకున్నాడు.

"నా సెక్షన్లో ఇంత చక్కగా నడిచే కీమాన్ ఇంకొకడు లేడమ్మా" అన్నాడు సారు నాతో, మెల్లగా, నన్ను నొప్పించకుండా. "తండ్రి మీద బెంగ ఉంటుంది, కాదనను. కానీ లేని రోగం రాయించుకుని తేలిక పని అడిగేవాళ్లు నాకు నెలకు నలుగురు తగులుతారు." ఉత్తరం మడిచి నా చేతికి ఇచ్చి ట్రాలీ ఎక్కాడు.

ఇంటికి వచ్చాం. మా వాకిట్లో, తలుపు ముందర, బాపు ఆగిపోయాడు. నాకు పిచ్చి లేచింది.

"గా సారు ముందల ఎందుకు ఆగలే? గక్కడ ఒక్కసారి ఆగితె నీ సొమ్మేం పోయేది?"

"సారు దిగమన్నడు, దిగిన" అన్నాడు బాపు. "నాకే సంబురమైంది బిడ్డా. ఎన్ని దినాలకో కాలు నా మాట ఇన్నది."

లోపలికి పోయి మాత్రల డబ్బా చేత్తో పట్టుకున్నాక నాకు సంగతి వెలిగింది. పొద్దున ఏడున్నరకు మాత్ర వేసింది ఎవరు? నేనే. సారు చూసింది ఎప్పుడు? తొమ్మిదింటికి. మాత్ర పొంగు మీద ఉన్న వేళకు, మెరుగుపెట్టినట్టు తయారుచేసి, తీసుకుపోయి చూపించాను. పరీక్షకు ముందు జవాబులు నేనే రాసిచ్చి, పిల్లవాడు పాసయ్యాడని ఏడ్చినట్టుంది నా పని.

బండి వేళకు ఇంకో మాత్ర పడేట్టు చేసి చూశాను. జేబులో కట్టి పంపేదాన్ని. ఒకరోజు గంటకే దిగిపోయేది, ఒకరోజు అసలు ఎక్కేదే కాదు. ఆ నెలలో కరీం చిచ్చా ఆయన్ని రెండుసార్లు పట్టాల మీంచి చేయి పట్టి లాగాడు. రెండోసారి లాగినరోజు మళ్లీ మా తలుపు బయట గొంతుకూర్చున్నాడు.

"ఒకటో తారీకు నుంచి నన్ను దేవరకద్ర గ్యాంగుకు ఏసిన్రు బిడ్డా. వచ్చేటోడు కొత్తోడు. ఆనికి గీ ముచ్చట చెప్తె నవ్వుతడు." కాసేపు నేల గీకాడు. "ఇరవై ఎనిమిది నాడు సారు వస్తుండు. ఆఖరుసారి అడుగుత. ఈసారి గచ్చు మీద చూడమని కాళ్లు మొక్కుత. నువ్వు చేసేది నువ్వు చెయ్యి."

నేను చేసేది ఏమిటో ఆయన చెప్పలేదు. చెప్పనవసరం లేదు. మూడు రోజులు నిద్రపట్టలేదు నాకు. అమ్మకు చెప్పలేదు. డాక్టరమ్మ ఆపొద్దన్న మాట ఒక చెవిలో, ప్యాసింజరు కూత ఒక చెవిలో.

ఇరవై ఎనిమిది పొద్దున మాత్రలు నాలుగు తీసి కొంగున ముడేసుకున్నాను. మిగిలినవి డబ్బాలోనే ఉన్నాయి. చాయ్ తాగి బాపు చేయి చాపాడు.

"అయిపోయినయి బాపు" అన్నాను, డబ్బా అలమారలో పెట్టేస్తూ. "రేపు తెస్త."

బాపు చాపిన చేయి వెనక్కి తీసుకున్నాడు.

ఆ పూట ఆయన్ని స్టేషన్‌కు చేర్చడానికే గంట పట్టింది. గోడ పక్క బెంచీ మీద కూర్చోబెట్టాను. పదకొండున్నరకు ట్రాలీ వచ్చింది. కరీం చిచ్చా సారుతో దూరంగా చాలాసేపు మాట్లాడాడు. ఏం చెప్పాడో వినబడలేదు గాని, టోపీ చేతిలోకి తీసుకుని చెప్పాడు. చివరకు సారు గచ్చు మీదికి వచ్చి నిలబడ్డాడు. వేపచెట్టు కింద సద్ది తింటున్న గ్యాంగువాళ్లు చేతులు ఆపి చూస్తున్నారు.

"ఇటు రా పర్వతాలూ" అన్నాడు సారు.

"వస్తున్న సార్."

లేవడానికి మూడుసార్లు ప్రయత్నించాడు. లేచాడు. రెండడుగులు వేశాడు. బెంచీకీ తూకం మిషనుకూ మధ్య సందు దగ్గర కాళ్లు ఆగిపోయాయి. కింద నున్నటి గచ్చు. ఒక గీత లేదు, ఒక పగులు లేదు. కాళ్లు టకటకా కొట్టుకున్నాయి. ఒక చెప్పు జారిపోయింది. ఒళ్లు ముందుకు వంగుతోంది, కాళ్లు మాత్రం రావడం లేదు. చెమట ముక్కు మీంచి బొట్టు బొట్టుగా కారుతోంది.

"రా, ఫర్లేదు, మెల్లగా రా."

"వస్తున్న సార్."

ఇరవై ఆరేళ్ల సర్వీసులో ఆయన సారుకు చెప్పిన ఆ మాట ఎప్పుడూ అబద్ధం కాలేదు. ఇప్పుడు పది మంది ముందర మూడుసార్లు, నాలుగుసార్లు అబద్ధమైంది. బాపు ముందుకు తూలడం చూసి కరీం చిచ్చా అడుగు వేశాడు. నేను ఆయన చేయి గట్టిగా పట్టుకున్నాను.

"ఉండు చిచ్చా. సారును చూడనీ."

ఆ మాట నేను మెల్లగానే అన్నాననుకున్నాను. బాపు కళ్లెత్తి నా వంక చూశాడు. అట్లా చూస్తూనే మోకాళ్ల మీద పడిపోయాడు.

సారే పరుగున వచ్చి ఆయన చంకల కింద చేతులు వేసి లేపాడు, బెంచీ మీద కూర్చోబెట్టాడు. కిందపడ్డ చెప్పు తానే తెచ్చి కాలి దగ్గర పెట్టాడు. అక్కడే నిలబడి సంచీ మీద కాగితం పెట్టుకుని రాశాడు. రైల్వే డాక్టరు చూసేదాకా రేపటి నుంచి పర్వతాలును లైను మీదికి పంపకూడదని, గోదాం దగ్గర కూర్చోబెట్టాలని. కరీం చిచ్చాను కేకేసి సుత్తె, పానా, జెండాలు లెక్కచూసి తీసుకోమన్నాడు. ట్రాలీ ఎక్కి పోయాడు.

గెలిచాను. నాలుగు నెలలు తిరిగి, మొత్తుకుని, ఏడ్చి, చివరికి గెలిచాను. ఒక్క రవ్వ సంతోషం లేదు. నడవలేడని చూపించడానికి ఆయన నడకను కొంగున ముడేసుకుని నిలబడ్డాను. ఇట్లాంటి రోగం పగవాడికి కూడా వద్దు. మందు వేస్తే ఎవరూ నమ్మరు, వెయ్యకుంటే మనిషి ఉండడు.

కొంగు ముడి విప్పి మాత్ర బాపు చేతిలో పెట్టి, నీళ్లిచ్చాను. మింగాడు. "ముప్పావుగంట కూసుందాం. కాలు వచ్చినంక పోదాం" అన్నాను.

"ఈడ కూసోను" అన్నాడు. చెట్టు కింద పది మంది అన్నం ముందు పెట్టుకుని తలలు వంచుకుని ఉన్నారు. వాళ్లు చూస్తే ఒక బాధ, చూడకపోతే ఇంకో బాధ. బాపు బెంచీ పట్టుకుని లేచాడు. అక్కడే ఆగిపోయాడు. చుట్టూ సుద్దముక్క లేదు, కర్ర లేదు. ఇంకేమీ తోచక నా కుడికాలు ఆయన కాళ్ల ముందు అడ్డంగా చాపాను.

"దాటు బాపు."

"కాలు తియ్."

"గీత అనుకో. దాటు."

"ఆడబిడ్డ కాలు దాటొద్దు. దాటితె ఎదగవ్."

"నాకు ఇరవై రెండేండ్లు. ఇంక ఎదిగేదేమున్నది? దాటు."

ఆయన నా పాదం వంక చూశాడు. కాలు లేచింది. నాకు తగలకుండా, చక్కగా, నా కాలు దాటి అటు పడింది. నేను ముందుకు జరిగి రెండో కాలు అడ్డం పెట్టాను. అదీ దాటాడు. అట్లా ఒక్కొక్క అడుగూ నా కాలు దాటించుకుంటూ స్టేషన్ గచ్చు దిగాం, బాట పట్టాం. ఎండ నెత్తిన కొడుతోంది. నడుము వంచి వెనక్కి నడుస్తుంటే నాకు వెన్ను పీకుతోంది.

గోదాం దాటాక బాపు అన్నాడు. "పొద్దుగాల నువ్వు డబ్బ అల్మారల పెడ్తుంటె గోలీలు చప్పుడైనయి."

నా కాలు అక్కడే ఆగిపోయింది. "మరి అడగలేదేంది?"

"అడిగితె ఇస్తుంటివి. సారు ముందల మల్ల నడుస్తుంటి."

ఇద్దరం నిలబడ్డాం. ఆయన కాళ్లు ఆగాయా, నావి ఆగాయా తెలియలేదు. బాపు నా మోకాలి వైపు, చీర కింద ఆనాటి దెబ్బ ఉన్నచోటు వైపు చూస్తున్నాడు.

"కరీంను చెయ్యి పట్టి ఆపినవ్ చూడు బిడ్డా," అన్నాడు, "గదొక్కటి మల్ల చెయ్యకు."

కాలు అడ్డం పెట్టాను. ఆయన దాటాడు. క్వార్టర్ ఇంకా వంద గజాలు ఉంది.